గానుగరాయి కథ

రేణిగుంటలో కొత్తగా లేస్తున్న ఒక ఇంటి ముందు, ఇసుక కుప్పకు ఆనుకుని పడి ఉంది ఈ గానుగరాయి. దాని కథే ఇది.

పుట్టుక సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. బండను గుండ్రంగా చెక్కి నడుమ తొలిచారు, అంతే. పని మాత్రం గొప్పది. గుండ్రటి కాలవలో సున్నం, ఇసుక పోసి, కరక్కాయలు నానిన నీళ్లూ బెల్లం నీళ్లూ కలుపుతుంటే ఎద్దులు దీన్ని చుట్టూ తిప్పేవి. వేళ్ల మధ్య నలిపితే సున్నపు గడ్డ ఒక్కటి తగిలినా మేస్త్రీ ఒప్పుకునేవాడు కాదు. చంద్రగిరి రాజమహల్‌ను కొయ్య వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు. మూడంతస్తులూ ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. అప్పటికి ఈ రాయి పుట్టలేదు గానీ, ఆ గోడల మాటెత్తితే దీనికి గర్వమే.

సిమెంటు బస్తాలొచ్చాయి. ఎద్దులను విప్పేశారు.

కొన్నాళ్లు దీనికి బర్రెను కట్టేశారు. తర్వాత పొక్లెయిన్ వచ్చి పక్కకు నెడితే అంచున పెచ్చు లేచింది. ఇప్పుడు కూలీలు తాపీలు దీనిమీదే గీకుతున్నారు. పెచ్చు లేచిన చోట సిమెంటు వేలెడు మందాన పేరుకుంది. తడిగా ఉన్నప్పుడే చెంబెడు నీళ్లు పోస్తే పోయేది. ఎవరూ పోయలేదు.

కొత్తింటి మీద కోపం లేదు. బేస్‌మెంటు ఎత్తుగా లేపినందుకు సంతోషమే. స్వర్ణముఖిలో మామూలు రోజుల్లో ఇసుకే కనబడుతుంది గానీ, 2021 నవంబరు వానలకు ఆ ఏరు పొంగింది, తిరుపతి వీధులు వాగులయ్యాయి. దీని దిగులంతా స్తంభాల గురించే. సున్నం గాలి పీల్చుకుంటూ నిదానంగా గట్టిపడుతుంది. సిమెంటుకు తడి కావాలి, కనీసం వారం రోజులు ఆరకూడదు. స్తంభాలకు చుట్టిన గోనెపట్టాలు మధ్యాహ్నానికే ఎండిపోతుంటే, నోరుంటే కేకేసేది.

ఇంటాయన తల్లి మనవడిని వెంటబెట్టుకుని వస్తుంటుంది. వాడు స్లాబెక్కి చూసినవన్నీ కిందికొచ్చి చెబుతాడు. పడమట శేషాచలం కొండలు, దిగుతున్న విమానం, గుంతకల్లు లైనూ గూడూరు-కాట్పాడి లైనూ కలిసే స్టేషను. ఒకరోజు వాడి చూపు దీనిమీద పడింది.

"అవ్వా, ఇదేంది?"

"సున్నం రుబ్బే గానుగరాయి నాయనా. మా పుట్టిల్లు ఇట్లాంటిదాంతో రుబ్బిన సున్నంతోనే కట్టినారు."

గేటు పక్కన పెట్టించమని ఆమె అడిగింది. కారు తిరగదన్నాడు కొడుకు. క్రషర్‌కు తోలేద్దామన్నారు ఇంకెవరో. పాత గుళ్లకూ కోటలకూ మరమ్మతులు చేసేటప్పుడు ఇప్పటికీ సున్నపు మాలు వాడుతున్నారు. అలాంటి చోటికి పంపమని అడుగుతోంది ఈ రాయి. అంచు పగిలినా, తిరగడానికి అడ్డమేం లేదు.