పరువు పోకుండా నడవడం ఎలా?

(కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట వాస్తవ్యులకు సులభ మార్గదర్శి)

కంచికచర్లలో ఒంటికి పని చెప్పడానికి గౌరవప్రదమైన దారులు రెండే ఉన్నాయి. ఒకటి, జిమ్ముకు డబ్బు కట్టడం. రెండు, డాక్టరు చేత భయపెట్టించుకోవడం. ఈ రెండూ లేకుండా ఊరికే రోడ్డు మీద నడిచే మనిషిని ఊరు నమ్మదు. బండిని ఫైనాన్సు వాళ్ళు ఎత్తుకెళ్ళారనో, పొద్దున్నే ఇంట్లో గొడవపడి బయటపడ్డాడనో అనుకుంటుంది. తాత చేనికి నడిచి వెళ్ళాడు, తండ్రి సైకిలు తొక్కాడు, మనవడు వీధి చివర కొట్లో పాలప్యాకెట్టుకు బుల్లెట్టు మీద వెళ్తున్నాడు. మూడు తరాలు కష్టపడి సంపాదించుకున్న కూర్చోవడాన్ని మీరు ఒక్కరోజులో పాడు చేస్తానంటే ఎవరు ఒప్పుకుంటారు?

అయినా మీ బాధ అర్థమైంది. జిమ్ము మీ వల్ల కావడం లేదు. చెవులు అదిరే పాటల మధ్య, మీ కొడుకు ఈడు ట్రెయినరు "ఇంకొక్క సెట్టు అంకుల్" అంటుంటే మోకాలు మొరాయించింది. ఇంత హైరానా పడకుండా రోజంతా మెల్లగా కదిలినా చాలని ఎవరో చెప్పగా విన్నారు. నిజమే. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ ఉంటే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అంతకుముందు ఒక్కో విడత కనీసం 10 నిమిషాలైనా ఉండాలనేవారు, ఆ షరతు కూడా అప్పుడే ఎత్తేసింది. అంటే రెండు నిమిషాలు కదిలినా అది ఖాతాలో పడుతుంది. కాబట్టి శరీరంతో పేచీ లేదు, పేచీ అంతా పరువుతోనే. ఈ గైడు అందుకే.

1. జిమ్ము మానకండి, వెళ్ళడం మానండి

ఏడాది ఫీజు ఒకేసారి కట్టేయండి. వాళ్ళిచ్చిన టీషర్టు వేసుకుని టీకొట్టు దగ్గర కనబడండి. "నిన్న కాళ్ళ వర్కవుటు, ఇవాళ మెట్లు దిగలేకపోతున్నా" అని అప్పుడప్పుడూ మూలగండి. హోదా స్థిరపడ్డాక ఇక మీ ఇష్టం వచ్చినంత మెల్లగా కదలొచ్చు.

అయితే జిమ్ము చేసే మేలు ఒకటుంది, దాన్ని కాదనకూడదు. వారానికి రెండు రోజులైనా కండరాలకు బరువు తగలాలని ఆ ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. నడక ఒక్కటే ఆ పని చేయదు. నడుం బాగున్నవారు బియ్యం బస్తాను ఆటో దగ్గర్నుంచి వంటింటి దాకా తామే మోసుకెళ్ళవచ్చు. నడుం బాగాలేనివారు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవచ్చు. ఎవరైనా చూస్తే పెన్ను కింద పడిందని చెప్పండి.

2. చేతిలో ఏదో ఒకటి పట్టుకోండి

ఉత్త చేతులతో నడిచేవాడే అనుమానితుడు. పాల క్యాను, రేషను సంచి, కరెంటు బిల్లు, ఏదైనా పనికొస్తుంది. అన్నిటికన్నా శ్రేష్ఠమైనది స్కానింగు సెంటరు కవరు. దాన్ని చంకలో పెట్టుకుని ఊరు మూడుసార్లు చుట్టినా జాలిపడతారే తప్ప నవ్వరు.

అయినా మొదటి వంద గజాల్లోనే ఒక బండి ఆగుతుంది. "ఏంది బాబాయ్, బండేమైంది? ఎక్కు, దింపుతా." ఇక్కడ జాగ్రత్త. "ఊరికే నడుస్తున్నా" అన్నారో, మీరు మొహమాటపడుతున్నారనుకుని అతను బండి ఆఫ్ చేసి మరీ బతిమాలతాడు. సాయంత్రానికి మీ ఇంటికి ఫోను వస్తుంది. "షుగరు రా అబ్బాయ్" అనండి. అంతే, తలూపి వెళ్ళిపోతాడు. మన వైపు షుగరును మించిన సర్టిఫికెట్టు లేదు.

అది అబద్ధమైనా ఆ నడక వృథా కాదు. అన్నం తిన్నాక కూర్చునే ఉండకుండా మధ్యమధ్యలో రెండు మూడు నిమిషాల చొప్పున మెల్లగా నడిచినా నెత్తుట్లో చక్కెర ఎగబాకడం కొంత తగ్గుతుందని పరిశోధనలు తేల్చాయి. భోజనం కాగానే కిళ్ళీకొట్టు దాకా వెళ్ళి రండి. కిళ్ళీ కొనకుండా తిరిగి రావడం అభ్యాసం మీద వస్తుంది.

3. దేవుణ్ణి అడ్డం పెట్టుకోండి

ఉత్తపుణ్యానికి అర కిలోమీటరు నడిస్తే పిచ్చి. మొక్కుకుని నడిస్తే భక్తి. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు చెప్పుల్లేకుండా ఎక్కి వచ్చినవాణ్ణి "బండి లేదా?" అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

మనకు తిరుమల దాకా ఎందుకు, పరిటాల ఉంది. 2003లో వెలిసిన 135 అడుగుల ఆంజనేయస్వామి విగ్రహం దగ్గర ప్రదక్షిణలకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఊళ్ళో గుడి చుట్టూ పదకొండుతో మొదలుపెట్టి నూటెనిమిది దాకా పెంచుకోవచ్చు. ప్రసాదం మాత్రం ఒక్కసారే తీసుకోవాలి. ప్రదక్షిణకో లడ్డూ అనే పద్ధతి శాస్త్రంలో లేదు, వైద్యశాస్త్రంలో అసలే లేదు.

4. పల్లెవెలుగు ఎక్కండి, సీటు వెతక్కండి

లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు డబుల్ డెక్కరు బస్సుల సిబ్బందిని పరిశీలించి, ఫలితాలను 1953లో ప్రకటించాడు. ఒకే బస్సు, ఒకే రూటు. రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్ల కన్నా, టిక్కెట్ల కోసం రోజుకు అయిదారు వందల మెట్లు ఎక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని తేలింది. కదలికకూ గుండెకూ ఉన్న సంబంధాన్ని లెక్కలతో పట్టుకున్న తొలి పరిశోధనల్లో అదొకటి. మోరిస్ 99 ఏళ్ళు బతికాడు.

మన పల్లెవెలుగుకు మేడ లేకపోవచ్చు, జనం ఉన్నారు. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం కింద మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక సీటు దొరకడమే గగనం. దీనిమీద గొణిగే మగవాళ్ళు గ్రహించాల్సిందేమిటంటే, కంచికచర్ల నుంచి బెజవాడ దాకా పైకడ్డీ పట్టుకుని, బ్రేకు పడ్డప్పుడల్లా కాలు నిలదొక్కుకుని, "కొంచెం ముందుకు జరగండి" అన్నప్పుడల్లా జరగడం కూడా వ్యాయామమే. జిమ్ములో దీనికి విడిగా ఫీజు తీసుకుంటారు.

5. సోఫాను చుట్టాలకు వదిలేయండి

బ్రెజిల్ డాక్టర్లు 51 నుంచి 80 ఏళ్ళ వయసున్న రెండువేల మందికి ఒక పరీక్ష పెట్టి, ఫలితాలను 2012లో ప్రకటించారు. నేల మీద కూర్చుని లేవాలి. కూర్చోవడానికి 5 మార్కులు, లేవడానికి 5. చెయ్యో మోకాలో ఆనించిన ప్రతిసారీ ఒక మార్కు కోత, తూలితే అర మార్కు. మార్కులు బాగా తగ్గినవాళ్ళలో ఆ తర్వాతి ఏళ్ళలో మరణాలు ఎక్కువగా కనబడ్డాయి.

పీట మీద కూర్చుని తిన్న మన ముసలివాళ్ళు ఈ పరీక్ష రోజుకు మూడు పూటలా పాసయ్యేవారు. మీరు మొదలుపెట్టే ముందు గోడ దగ్గరుందో లేదో చూసుకోండి. లేచేటప్పుడు "అమ్మా, అయ్యా" అనడానికి మార్కులు తగ్గించరు.

6. ఇంటిపని రహస్యంగా చేయండి

ఇది మగవారికి ప్రత్యేకం. ఉతికిన బట్టల బకెట్టు డాబా మీదికి మోయడం, వాకిలి ఊడవడం, నీళ్ళ టిన్ను ఎత్తడం చాలా శక్తిమంతమైన పనులు. వ్యాయామం జోలికే పోనివారు కూడా రోజువారీ పనుల్లో ఒకటి రెండు నిమిషాల చొప్పున మూడు నాలుగుసార్లు ఆయాసం వచ్చేలా కదిలితే, వాళ్ళలో మరణాల ముప్పు బాగా తక్కువగా కనబడిందని 2022లో ఒక పెద్ద అధ్యయనం చెప్పింది.

చిక్కల్లా ఎదురింటి పిన్నిగారితోనే. చీపురు పట్టుకున్న మిమ్మల్ని చూసి ఆవిడ "అమ్మాయికి ఒంట్లో బాగాలేదా నాయనా?" అని లోపలికి వచ్చేస్తుంది. అందుకని తెల్లవారక ముందే ఊడ్చేయండి. లేదా ధైర్యం ఉంటే "బాగానే ఉంది పిన్నిగారూ, నాకే బాగాలేదు" అనండి.

7. పదివేల అడుగుల అప్పు తీర్చకండి

పదివేల అడుగులు పూర్తికాలేదని రాత్రి పదకొండింటికి హాల్లో అటూ ఇటూ తిరుగుతూ ఇంటిల్లిపాదినీ నిద్ర లేపేవారికి ఈ మాట. ఆ అంకె ఏ డాక్టరూ రాసిచ్చింది కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్ముకోవడానికి పెట్టుకున్న పేరు. పెద్ద వయసు మహిళల మీద చేసిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. రోజుకు 2,700 అడుగులు వేసేవారి కన్నా 4,400 వేసేవారిలో మరణాలు బాగా తక్కువ. 7,500 దాటాక అదనపు లాభమేమీ కనబడలేదు. కనుక మిగతా రెండున్నరవేల అడుగులూ మీ వాచీకి మాఫీ చేసి పడుకోండి.

8. వేళా చోటూ చూసుకోండి

రోహిణి కార్తెలో మధ్యాహ్నం నడక ఆరోగ్యం కాదు, సాహసం. పొద్దుటే కానివ్వండి. ఇక 65వ నంబరు జాతీయ రహదారి అంచున నడక ఏ వేళలోనూ వద్దు. దొనబండ నుంచి కంకరతో వచ్చే టిప్పర్లకు మీ షుగరు సంగతి తెలియదు.

ఈ గైడు ఎవరికి వర్తించదు?

చీకటితోనే లేచి వంట చేసి, క్యారేజీ కట్టుకుని, ఆటోలో పదిమందితో ఇరుక్కుని మిరప కోతకో పత్తి తీతకో వెళ్ళే ఆమెకు వర్తించదు. సాయంత్రం దాకా నడుం వంచే ఉంటుంది, ఇంటికొచ్చాక మళ్ళీ పొయ్యి. "వాళ్ళకు జబ్బులెందుకొస్తాయి, రోజంతా వ్యాయామమేగా" అని గట్టు మీద కూర్చుని అనే పెద్దమనుషులున్నారు. కూలిపనిలో పడే శ్రమ, తీరికవేళ కదలికలాగా మేలు చేయడం లేదని, కొన్నిచోట్ల కీడే చేస్తోందని డెన్మార్క్ పరిశోధకులు ఎన్నాళ్ళుగానో చెబుతున్నారు. కారణం ఊహించడం కష్టం కాదు. ఎప్పుడు ఆగాలో, ఎంత ఎత్తాలో ఆమె చేతిలో లేదు. ఆమెకు కావలసింది కదలిక కాదు, కునుకు. మెల్లగా కదలడం మేలు చేసేది, ఆగాలనుకున్నప్పుడు ఆగగలిగే వాళ్ళకే.

దుష్ఫలితాలు

మెల్లగా నడిచేవారిలో కొన్ని లక్షణాలు కనబడుతున్నాయి. ముందుగా మనుషులు ఆగి మాట్లాడతారు. ఎవరింట్లో ఎవరికి బాగాలేదో తెలుస్తుంది, పలకరించక తప్పదు. తర్వాత చూపు తేరుకుంటుంది. బండి మీద వెళ్ళినప్పుడు కనబడని మూతలేని సైడుకాలువ కనబడుతుంది. వెలగని వీధిలైటు కనబడుతుంది. రోడ్డు దాటడానికి బడిపిల్లలు ఎంతసేపు నిలబడుతున్నారో కనబడుతుంది. పెద్దవాళ్ళు కాసేపు కూర్చోవడానికి ఊళ్ళో ఒక్క అరుగూ మిగల్లేదని కనబడుతుంది.

జబ్బు ముదిరితే ఇవన్నీ కాగితం మీద రాసుకుని పంచాయతీ ఆఫీసుకు వెళ్తారు, అదీ నడిచే. అక్కడ ఇంకో నలుగురు నడిచేవాళ్ళు తగిలితే, నడవడానికి చోటు కావాలని అడగడం మొదలుపెడతారు. ఈ దశ దాటినవారిని మళ్ళీ బండి ఎక్కించడం ఎవరి తరమూ కాదు. కనుక ఊరు ఇప్పుడున్నట్టే ఉండాలని కోరుకునేవారు దయచేసి బండి దిగకండి.