గీజరు కొత్తదేనండి!

మన కృష్ణా డెల్టాలో సముద్రపు ఒడ్డు రిసార్టును బాగుచేస్తే అందులో ముందుగా బాగుపడేది రేటు. గోడకు పెట్టిన పుట్టీ ఆరకముందే కొత్త టారిఫ్ కార్డు అచ్చయి వచ్చేస్తుంది. ఈ మధ్య మేం దిగినచోట రాత్రికి 7,499 రూపాయలు. ఆ అంకె మన మీద జాలితో పెట్టింది కాదు. గది అద్దె 7,500 దాటితే జీఎస్టీ 18 శాతం, దాటకపోతే 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే. ఆ ఆవరణ మొత్తంలో కొలత తప్పకుండా కట్టినది ఏదైనా ఉందంటే ఆ అంకె ఒక్కటే.

రోళ్లు పగిలే ఎండల్లో బెజవాడ వాడు ఎక్కడికి పోతాడు? బందరు రోడ్డు పట్టుకుని మంగినపూడి, లేదా తెనాలి మీదుగా బాపట్ల, సూర్యలంక. అది కనిపెట్టినవాళ్లు బ్రోషర్లు వేస్తారు. వాటిలో సముద్రం నీలంగా, అడుగున గవ్వలు లెక్కపెట్టుకునేంత తేటగా ఉంటుంది. ఆ నీళ్లు ఏ మాల్దీవులవో! మంగినపూడిలో ఉన్నది నల్లమట్టి. కృష్ణమ్మ తరతరాలుగా మోసుకొచ్చి పోసిన ఒండ్రు. పాదం మెత్తగా దిగే ఆ ఒడ్డు మనకు తప్ప ఎవరికుంది? దాన్ని చూపించుకోవడానికి సిగ్గుపడి, పరాయి దేశం నీళ్లు అరువు తెచ్చుకుంటారు.

మేం దిగినదాని పేరెందుకు గానీ, 'పూర్తిగా ఆధునీకరించినది' అని గేటు మీదే రాసి ఉంది. రిసెప్షన్ గోడ నిండా కలంకారీ నెమలి. గోటితో గీరి చూస్తే ఫ్లెక్సీ. ఇదే డెల్టాలో, పెడనలో, టేకు అచ్చులతో ఇప్పటికీ బట్ట మీద అద్దకం వేస్తున్నారు. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. వాళ్ల దగ్గర నాలుగు గజాల గుడ్డ కొనాలన్న ఆలోచన ఇంటీరియర్ డిజైనరుకు రాలేదు.

గదిలో ఫాల్స్ సీలింగు, దాని అంచున రంగులు మారే ఎల్ఈడీ పట్టీ, మంచం వెనక వాల్‌పేపరు. వాల్‌పేపరు కింది మూల లేచి ఉంటే మా ఆవిడ కాస్త ఎత్తి చూసింది. లోపల పాత చెమ్మ, ఉప్పు పొక్కులతో సహా పదిలంగా ఉంది. బాత్రూములో కుళాయి తిప్పితే ముందు గాలి, తర్వాత తుప్పు, చివరికి ఉప్పు నీళ్లు. సబ్బు ఎంత రుద్దినా నురగ రాలేదు. రూమ్ బాయ్‌ని పిలిచాను.

"గీజరు కొత్తదేనండి. షవరూ కొత్తదేనండి. పైపులే పాతవండి."

"మరి పైపులెందుకు మార్చలేదయ్యా?"

"పైపులు గోడలో ఉంటాయి కదండీ, ఫొటోలో పడవండి."

ఆ కుర్రాణ్ణి పర్యాటక శాఖకు సలహాదారుగా వేయాలి.

సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీటులోకి దూరి చువ్వల్ని తినేస్తుంది. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి, పైనున్న సిమెంటును పెచ్చులు పెచ్చులుగా నెట్టేస్తుంది. పాడైనదంతా చెక్కేసి, చువ్వ శుభ్రం చేసి, అవసరమైతే మార్చి, మళ్లీ పూత వేయాలి. ఖర్చు బోలెడు, పైకి కనపడేది సున్నా. అందుకని ఆ కాంక్రీటు కింద ఫాల్స్ సీలింగు బిగిస్తారు. ఇక పెచ్చు ఊడినా మన నెత్తిన పడదు, సీలింగు మీద పడుతుంది. అతిథి భద్రత అంటే అదీ!

మిగిలిన డబ్బుతో పచ్చిక మీద 'ఐ లవ్ బీచ్' అని ఆరడుగుల అక్షరాలు నిలబెట్టారు. 'లవ్' ఉండాల్సినచోట ఎర్ర గుండె. గుండె వెనకే సెప్టిక్ ట్యాంకు మూత. ఫొటో తీసేవాడికి ఏమీ తెలియదు గానీ, తీయించుకునేవాళ్లంతా ఊపిరి బిగబట్టి నవ్వుతారు.

సముద్రం వైపు గోడంతా అద్దమే. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ఊడ్చేసిన తీరం ఇది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను ఒడ్డెక్కింది బాపట్ల దగ్గరే. "తుపానొస్తే ఎట్లాగండీ?" అని మేనేజరును అడిగాను. "అడ్వాన్సు వెనక్కి ఇవ్వటం ఉండదండి" అన్నాడు.

తిండి సంగతి క్లుప్తంగా చెబుతాను. గిలకలదిండిలో, నిజాంపట్నంలో పడవల నుంచి చందువాలు, వంజరాలు, పీతలు దిగుతుంటే, ఇక్కడి మెనూలో పనీర్ బటర్ మసాలా, గోబీ మంచూరియా. చేపేదీ అంటే ఫ్రీజరులోంచి అపోలో ఫిష్. చుట్టూ రొయ్యల చెరువులే. రొయ్య విదేశాలకు పోయింది, చెరువు కంపు మనకు మిగిలింది.

ప్రైవేటు వాళ్లనే అని ఏం లాభం? సర్కారువారి పనితనం విశాఖ రుషికొండ మీద చూశాం కదా. అక్కడ రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ (ఏపీటీడీసీ) హరిత రిసార్టులో ఓ మామూలు కుటుంబం పడుకుని లేచి, సముద్రం చూసుకుని ఇంటికి పోయేది. పునరభివృద్ధి పేరు చెప్పి 2021లో కేంద్రం నుంచి తీరప్రాంత నియంత్రణ (సీఆర్‌జెడ్) అనుమతి తెచ్చి, పాతది పడగొట్టి, కొండ తొలిచి, 400 కోట్లు దాటిన ఖర్చుతో భవనాలు లేపారు. 2024 జూన్‌లో తలుపులు తీసేదాకా అందులో పర్యాటకుడు ఒక్కడూ గది తీసుకుని కునుకు తీయలేదు. తీశాక జనం టీవీల్లో నోరెళ్లబెట్టి చూసింది స్నానాల తొట్టిని. మా రిసార్టు యజమాని నయం, కనీసం మమ్మల్ని లోపలికి రానిచ్చాడు.

సాయంత్రం వెనకవైపు నడిచాం. జనరేటరు పక్కన రేకుల షెడ్డు, అందులో ఆ కుర్రాడి మకాం. అక్కడ వాల్‌పేపరు లేదు, సీలింగు లేదు, గోడ మీద ఉప్పును ఎవరూ దాచలేదు. కానీ షెడ్డు ముందు డ్రమ్ములో తియ్యటి మంచినీళ్లు! వంటింటికి ట్యాంకరు వస్తుందట, పనివాళ్లు అందులోంచే తోడుకుంటారట. పిల్లల స్నానానికి రెండు బకెట్లు పంపమన్నాను. కుర్రాడు వెంటనే తెచ్చిపెట్టాడు, పైసా అడగలేదు. మర్నాడు మేనేజరు చేతికిచ్చిన బిల్లులో మాత్రం 'ఫ్రెష్ వాటర్ ఎక్స్‌పీరియన్స్: 200 రూపాయలు' అని ఉంది.