ముందు ఊపిరి పీల్చిన రసీదు చూపించండి

విజయవాడ ఆటోనగర్‌లో లారీ చక్రం ఊడదీశాక, డ్రమ్ములో పేరుకున్న బ్రేకు పొడిని గాలిపైపుతో ‘బుస్సు’మనిపించడం పాత అలవాటు. పక్కనే రెంచీ పట్టుకున్న కుర్రాడు కళ్లు మూసుకుంటాడు. నోరు మూసుకోవడం కుదరదు. మేస్త్రీ కేకేస్తే ‘ఆఁ’ అనాలిగా!

పాతకాలం బ్రేకు లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ పోగు కంటికి ఆనదు. ఊపిరితిత్తుల్లోకి దిగిందంటే ఇక అద్దె ఇవ్వని, ఖాళీ చేయని బాపతు. ఇరవై, ముప్పై, నలభై ఏళ్లు కిమ్మనకుండా ఉండి, ఆనక ఆయాసంగానో మెసోథీలియోమా అనే క్యాన్సర్‌గానో లేచి కూర్చుంటుంది.

ఇంత తాపీ జబ్బుకి, 2025 దాకా అమల్లో ఉన్న 1923 నాటి పరిహార చట్టం చూపిన ఔదార్యం వినండి: పని మానేసిన రెండేళ్లలోపు లక్షణాలు కనిపిస్తే, కనిపించిన రోజే ప్రమాదం జరిగినట్టు లెక్క. కాబట్టి కార్మిక సోదరులారా, జబ్బుకి కాస్త నచ్చజెప్పుకోండి. ‘నాయనా, చట్టం తొందరలో ఉంది, త్వరగా ముదురు’ అనండి. అర్జీ ఆలస్యమైతే తగిన కారణం చూపాలట. ఏం రాస్తారు? ‘జబ్బే ఆలస్యంగా వచ్చిందండీ’ అనా?

సుప్రీంకోర్టు మాత్రం 1995 జనవరి 27న గట్టిగానే చెప్పింది. ఆస్బెస్టాస్ కర్మాగారాలు ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డునీ, చేరిన నాటినుంచి 40 ఏళ్లు గానీ, మానేశాక 15 ఏళ్లు గానీ, ఏది ఎక్కువైతే అంతకాలం దాచాలంది. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరీక్షించి ఊపిరితిత్తుల జబ్బు ఆస్బెస్టోసిస్ అని తేలిస్తే లక్ష రూపాయలు ఇమ్మంది. తీర్పు బంగారం. ఆ బంగారం దాచడానికి మన షెడ్డులో బీరువా ఏదీ? హాజరుపట్టీయే లేనిచోట ఆరోగ్య రికార్డా? ఎవరైనా నోటుపుస్తకంలో రాసుకున్నా, చెదలు వదిలిన కాగితాన్ని 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చి చూసుకుని పోయింది.

ఇక వైద్యం. దగ్గుతూ వెళ్తే మొదటి ప్రశ్న ‘బీడీ తాగుతావా?’ ‘ఏం పని చేసేవాడివి?’ అనే ప్రశ్నకి వంతు రాదు. 2025 దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఇలాంటి వృత్తి జబ్బుని గుర్తించిన డాక్టరు ప్రభుత్వానికి రాసి పంపాల్సి ఉండేది. పంపకపోతే జరిమానా వెయ్యి రూపాయల దాకా ఉండేది. బెజవాడలో అంతకన్నా ఎక్కువ ఒక స్కానింగుకే అవుతుంది.

ఆస్బెస్టాస్ తవ్వడం ప్రమాదమని 1986 నుంచి కొత్త గనుల లీజులు ఆపేశారు. పులివెందుల వైపు కొండల్లో ఆస్బెస్టాస్ దొరికే రాష్ట్రం మనది. రష్యా, కజకిస్తాన్ల నుంచి ఓడెక్కి వచ్చిందైతే ప్రమాదం లేదు కాబోలు! అది సిమెంటు రేకుగా మారి పామర్రు పక్క గొడ్లచావిడి మీదకెక్కుతుంది. రంపంతో కోసిన తాపీమేస్త్రీ మీసాల మీద తెల్లగా వాలుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లు టీవీ పెడితే ‘మెసోథీలియోమా వచ్చిందా? ఫోన్ చేయండి’ అని లాయర్ల ప్రకటనలు. అక్కడ లాయరు రోగిని వెతుక్కుంటాడు. ఇక్కడ రోగి, తనని పనిలో పెట్టుకున్న మేస్త్రీ బతికున్నాడో లేదో వెతుక్కుంటాడు.

అందుకే ఆ రెంచీ కుర్రాడికో సలహా. గాలిపైపు తెరిచేముందు సెల్‌ఫోన్‌లో ఫొటో తీయించుకో, తేదీ పడేలా. మేస్త్రీ మొహం కూడా రావాలి. ఆయన సంతకం పెడితే మరీ మంచిది. పెట్టనంటే కనీసం ఆ పూట నోరు మూసుకో, ‘ఆఁ’ అనకు.