ఒకే ఒరలో నాలుగు కత్తులు

ఒక ఒరలో రెండు కత్తులు ఇముడవని పెద్దలు చెప్పిన మాట కత్తుల విషయమున సత్యమే కావచ్చును గాని, ఆ పెద్దలు హార్డుడిస్కును చూచి యుండలేదు. ఒకే కంప్యూటరులో మూడు నాలుగు ఆపరేటింగు సిస్టములను ప్రతిష్ఠించి, మీట నొక్కిన ప్రతి పర్యాయమును వానిలో నొకదానిని వరించుట యను విద్య నేడు మహానగరములందే గాక మండల కేంద్రములందలి డి.టి.పి. దుకాణములలో సైతము అభ్యాసమున నున్నది. అయినను దానిని శాస్త్రమర్యాద తప్పక ఉపదేశించువారు అరుదగుటచే, సాధకుల హితము గోరి ఈ వ్యాసమును వ్రాయవలసి వచ్చినది. శాస్త్రారంభమున అధికారిని, విషయమును, సంబంధమును, ప్రయోజనమును చెప్పవలెనని పూర్వుల నియమము. విషయము చెప్పియే యున్నాము. సంబంధమనగా డిస్కునకును సాధకుని నిద్రకును గల నిత్యవిరోధము. ప్రయోజనమేమని ఇంటివారు తప్పక అడుగుదురు. సాధకుడు మాత్రము తన్ను తాను ఎన్నడును అడుగరాదు.

ఇక అధికారి యెవడనగా, కంప్యూటరుతో చేయవలసిన పని యేదియు లేనివాడు ఉత్తముడు; పని యుండియు దానిని రేపటికి నెట్టుటకు గౌరవప్రదమైన సాకు వెదకువాడు ఉత్తమోత్తముడు. పని చేయదలచినవానికి ఒక్క సిస్టమే చాలును. లెక్కలు వ్రాసికొనువాడు లెక్కలు వ్రాసికొని, ఉత్తరము పంపువాడు ఉత్తరము పంపి, యంత్రమును ఆర్పి లేచిపోవును. అట్టి అల్పసంతుష్టులతో మనకు ప్రసక్తి లేదు. జీఎస్‌టీ రిటర్ను గడువు మరునాటితో ముగియనున్న రాత్రియో, పిల్లవాని ఈఏపీసెట్ దరఖాస్తునకు చివరి దినపు సాయంకాలమో ఈ కార్యమునకు ప్రశస్తమైన ముహూర్తము. ఆ వేళ ఆరంభించినవానికి ఫలము తెల్లవారకమునుపే ప్రత్యక్షమగును.

కారణము లేనిదే కార్యము నారంభించుటకు సంకోచించువారికొరకు తెలుగుదేశమున ఒక కారణము సిద్ధముగా నున్నది. మన అచ్చుపనివారు శుభలేఖ మొదలు ఎన్నికల కరపత్రము వరకు సమస్తమును 'అను' ఫాంట్లతో, పేజ్‌మేకరులో కూర్చుట కలవాటుపడినవారు. ఆ పేజ్‌మేకరు కడపటి రూపమగు 7.0 వెలువడినది 2001లో. పేజ్‌మేకరునకు ఆశ్రయమైన, ఆ యేటనే పుట్టిన విండోసు ఎక్స్‌పీకి దానిని కన్నవారే 2014లో నీళ్లు వదలిరి. ఆ ఫాంట్లు యూనికోడును ఎరుగనివి. అవి లేని యంత్రమున ఆ పాఠమును తెరచినచో, చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి యను చోట ఆంగ్లాక్షరములును, డాలరు గుర్తులును, తలక్రిందులైన ప్రశ్నార్థకములును కలసి మెరయుచుండును. కనుక పాతది ఉండవలెను. బ్యాంకు పనికి కొత్తది కావలెను. అందుకని తెచ్చుకొన్న విండోసు 10కి 2025 అక్టోబరు 14తో ఆయుర్దాయము ముగిసినది; పదకొండవ దానికి టి.పి.ఎం. 2.0 అను రక్షణ చిప్పు ఉండవలెనట, పాత యంత్రమున అది యుండదు. అందుచేత ఉచితమును, స్వతంత్రమును, పాత యంత్రముల యెడ దయగలదియు నగు లినక్సు. ఇప్పటికి మూడైనవి. మూడున్నచోట నాలుగవది చేరుటకు వేరు కారణ మక్కరలేదు.

మొదటి ఉపదేశము: బ్యాకప్పు తీయరాదు. తీసినవాని చేతికి వణకు లేకపోవును, వణకు లేనిచోట భక్తి నిలువదు. పెండ్లి ఫొటోలు, మామగారి షష్టిపూర్తి వీడియో, పదేండ్ల పన్ను పత్రములు, ఇవన్నియు ఆ డిస్కులోనే, మరెక్కడను నకలు లేక యుండవలెను. డిస్కులోని భాగములను కుదించి జరుపు సాధనము "ఈ పని జరుగుచుండగా విద్యుత్తు ఆగిన యెడల సమాచారము నశింపవచ్చును" అని వినయముగా హెచ్చరించును. ఇందుకు మే నెల మధ్యాహ్నము శ్రేష్ఠము. యు.పి.యస్. బ్యాటరీ చచ్చి రెండేండ్లైనదన్న సంగతి సాధకునకు అప్పుడే జ్ఞాపకము వచ్చుటలో నొక నాటకీయత కలదు.

ఇప్పుడు విభజన. ఇది శాస్త్రమునకు హృదయము గనుక కొంత నిలిచి చెప్పవలెను. డిస్కు మొదటి సెక్టారులోని బైట్లు 512. వానిలో 446 బైట్లు యంత్రమును మేల్కొలుపు సంకేతమునకు, 64 బైట్లు భాగముల పట్టికకు, మిగిలిన రెండును ముద్రకు కేటాయింపబడినవి. ఒక్కొక్క భాగమును వర్ణించుటకు 16 బైట్లు పట్టును. కాబట్టి పట్టికలో నాలుగు పేరులకే చోటు. 1983లో ఐ.బి.యం. వారు 10 మెగాబైట్ల డిస్కు గల యంత్రమును, దానితో పీసీ డాస్ 2.0ను తెచ్చినపుడు ఈ ఏర్పాటు చేసిరి. పది మెగాబైట్లను నాలుగు కంటె ఎక్కువ ముక్కలు చేయు మూఢుడు లోకమున నుండడని వారు నమ్మియుందురు. మూఢులు పుట్టిరి. అప్పుడు, నాలుగు వాటాల పొలములో ఒక వాటాను ఉమ్మడిగా నుంచి, అందులో మునిమనుమలు తమ ఓపిక కొలది గట్లు వేసికొన్నట్లు, నాలుగింటిలో ఒక భాగమునకు విస్తృతమని పేరు పెట్టి, దాని లోపల ఎన్ని చీలికలైనను చేసికొనవచ్చునను ఉపాయము కనుగొనబడినది. అందుచేతనే లినక్సులో ఆ లోపలి చీలికల లెక్క ఎల్లప్పుడును అయిదుతో మొదలగును. నాలుగవది లేకున్నను అయిదవది యుండునన్న ఈ వేదాంతమును జూచి బెదరరాదు.

చిక్కేమనగా, విండోసు 7 కాలపు ల్యాపుటాపులు పెక్కింటిలో ఈ నాలుగు వాటాలను తయారుచేసినవారే ముందుగా ఆక్రమించుకొని యుందురు: ఒకటి మేల్కొలుపునకు, ఒకటి వాడుకకు, ఒకటి పునరుద్ధరణకు, ఒకటి తమ పరికరములకు. సాధకుడు అయిదవ భాగమును చేయబోగా, విండోసు ఆ డిస్కును డైనమిక్కుగా మార్చుదునా యని మృదువుగా నడుగును. తప్పక అంగీకరింపవలెను. అంగీకరించినచో లినక్సును స్థాపించు సాధనము ఆ డిస్కు మీద చేయి వేయుటకు వెనుదీయును. మరల పూర్వరూపమునకు తెచ్చుటకు విండోసు చెప్పు మార్గము, ఉన్న భాగములన్నియు తుడిచివేయుట యొక్కటే. ఒక్క బొత్తాముతో ఇంత వైరాగ్యమును ప్రసాదించు మరియొక సదుపాయము కంప్యూటరు శాస్త్రమున లేదని నా యభిప్రాయము. కొత్త యంత్రములలో జి.పి.టి. యను పట్టిక వచ్చి, 128 భాగములకు తావిచ్చి, ఈ రసమును చాలవరకు చెరచినది.

స్థాపన క్రమమును గూర్చి పండితులు విండోసును ముందును, లినక్సును పిదపను పెట్టుమందురు. లినక్సు వచ్చునప్పటికే ఇంటనున్నవా రెవరో విచారించి, వారి పేరును కూడ జాబితాలో చేర్చుకొనును. పాత విండోసుకు అట్టి విచారణ లేదు, ఆ 446 బైట్లలో పూర్వమున్నదానిని చెరపి తన సంకేతమును వ్రాసికొనును. కనుక పండితుల మాట విన్నవానికి చిక్కులుండవు, చిక్కులు లేనివానికి జ్ఞానము లేదు; విండోసును కడపటనే పెట్టవలెను. లినక్సు అంతయు డిస్కులో క్షేమముగానే యుండి, దానిని పిలుచు ద్వారము మాత్రము మాయమగుట చూచి, సాధకుడు ఉన్నదానికిని లేనిదానికిని గల భేదమును మొదటిసారి తర్కించును.

పూర్వము ఆ ద్వారమును లైలో అను సాధనము కాచెడిది. అది తన పేరులోని అక్షరములను ఒక్కొక్కటిగా తెరపై వ్రాయుచు, ఒక్కొక్క మెట్టు ఎక్కెడిది. నడుమ విఘ్నము కలిగినచో రెండక్షరములు వ్రాసి అక్కడనే ఆగెడిది. ఆగిన అక్షరమును బట్టి జబ్బు తెలిసెడిది, మందు తెలిసెడిది కాదు. తరువాత వచ్చినది గ్రబ్. గురుత్వాకర్షణము గాక విశ్వమందలి తక్కిన బలములకు మూలమగు ఏకసూత్రమును వెదకు భౌతికశాస్త్ర సిద్ధాంతమొకటి కలదు. 1995లో ఎరిక్ బోలిన్ మొదలుపెట్టిన ఈ సాధనమునకు ఆ సిద్ధాంతము పేరును పరిహాసముగా ననుకరించి నామకరణము చేసిరి. ఇందలి కొద్దిభాగము డిస్కు మొదట నుండును, అధికభాగము లినక్సు వాటాలో నుండును. ఈ రహస్యము నెరిగినవాడు లినక్సు మీద విసుగు పుట్టిన దినమున, విండోసులో కూర్చుండి, ఆ వాటాను నిశ్చింతగా తుడిచివేయవలెను. మరునాడు లినక్సు రాదు, విండోసును రాదు. నల్లని తెరపై "గ్రబ్ రెస్క్యూ" అను మాటయు, దాని ప్రక్కన మినుకు మినుకుమను గీతయు వచ్చును. ఆ స్థితిలో యంత్రము గ్రహించు ఆజ్ఞలు వ్రేళ్లపై లెక్కింపదగినవి, సహాయము కోరు ఆజ్ఞ వానిలో లేదు. పేరులో రక్షణ యున్నది గదా యని ఆశపడువారు పేరులను నమ్మువారు.

కాలమును గూర్చి ఒక మాట. 1984 నాటి పీసీ ఏటీ మొదలుకొని కంప్యూటరు లోపల బ్యాటరీతో నడుచు గడియారమున్నది. విండోసు దానిని స్థానిక కాలముగా భావించును. లినక్సు గ్రీనిచ్చి కాలమును పోలిన విశ్వకాలముగా భావించును. లండనువారికి చలికాలమంతయు ఈ భేదము కనబడదు. మనకు మాత్రము అయిదున్నర గంటల అంతరము తప్పదు. ఉదయము పది గంటలకు లినక్సును విడిచి విండోసును మేల్కొలిపినవానికి గడియారము నాలుగున్నర చూపును. అనగా ఆలస్యముగా లేచినవాడు సైతము బ్రాహ్మీముహూర్తమున పనిలో కూర్చుండిన పుణ్యమును పొందును. విండోసు అంతర్జాలమును అడిగి కాలమును సరిదిద్దుకొనిన పిదప మరల లినక్సుకు వచ్చినచో, అదే పది గంటలు మధ్యాహ్నము మూడున్నరయగును. రాహుకాలమును లెక్కించుకొనువారు తమకు అనుకూలమైన సిస్టమును ఆ దినమునకు ఎన్నుకొనవచ్చును. ఈ దోషమును పోగొట్టుటకు లినక్సులో ఒక్క పంక్తి ఆజ్ఞ చాలును గాని, ఆఫీసుకు ఆలస్యమైనపుడు ఇంతటి శాస్త్రీయమైన సంజాయిషీ మరియెక్కడ దొరకును?

పత్రములను నాలుగు సిస్టములకు ఉమ్మడిగా నొకచోట నుంచరాదు. నాలుగింటను నాలుగు నకళ్లుంచి, ఏ రాత్రి ఏ సిస్టములో నున్నామో ఆ నకలును సవరించుచుండవలెను. నెల గడచునప్పటికి ఒకే వ్యాసమునకు నాలుగు పాఠాంతరములు సిద్ధమై, పరిష్కర్తకు పని దొరకును. విండోసు 8 మొదలు మరియొక విశేషము కలదు. ఆర్పితిమని మనమనుకొందుము గాని, త్వరగా లేచుటకై అది లోలోపల జ్ఞాపకమును దాచుకొని నిద్రించుచుండును; ఆ నిద్రలో దాని వాటాను తెరువబోయిన లినక్సు, చూచుటకే తప్ప వ్రాయుటకు వీలులేదని చెప్పును. ఆ నిద్రను బలవంతముగా తొలగించు మార్గమున్నది. దాని ఫలితమును ముందుగా చెప్పి ఉత్కంఠను చెరపుట భావ్యము కాదు.

కొత్త యంత్రము గలవారికి సెక్యూర్ బూట్ అను ద్వారపాలకుడు ఉండును. సంతకము లేనివానిని లోనికి రానీయడు. 2024 ఆగస్టులో వచ్చిన విండోసు అప్‌డేటు ఒకటి, జంట సిస్టములున్న యంత్రముల జోలికి పోదని చెప్పబడియు, ఎన్నో యంత్రములలో లినక్సును గడప దాటనీయక, ఏదియో ఘోరమైన పొరపాటు జరిగినదను అర్థము వచ్చు వాక్యమును తెరపై నిలిపి యంత్రమును ఆర్పివేసినది. ఆ వాక్యమున సత్యము గలదు.

నిత్యజీవనమునకు వచ్చినచో, జాబితా తెరపై అయిదో పదో సెకనులు నిలుచును. సాధకుడు ఆ లోపల కాఫీకి పోవలెను. వచ్చునప్పటికి తాను కోరని సిస్టము లేచి స్వాగతము పలుకుచుండును. విండోసు అప్‌డేటు చేసికొనుచు, నడుమ తానే ఆరి తానే లేచునలవాటు గలది. లేచునపుడు జాబితాలో మొదటనున్న లినక్సు చేతికి చిక్కి, సగమైన అప్‌డేటు ఎదురుచూచుచు పడియుండును. నెలకొకసారి పలుకరింపబడు నాలుగవ సిస్టము, పలుకరించినపుడెల్ల నెల దినముల అప్‌డేటులను ముందు పెట్టును. ఈ నాలుగింటి పోషణకే వారము చాలకున్నదని సాధకులు మొరపెట్టుకొందురు గాని, నిజము విచారించినచో వారి లెక్కలును, ఉత్తరములును, సినిమాలును ఏనాడును ఒక్కదానిలోనే నడుచుచున్నవి. తక్కిన మూడును ఎన్నుకొనుటకు మాత్రమే యున్నవి, ఆ ఎన్నికయందలి సుఖమే ఇందలి సుఖము.

కొందరు దుర్బోధకులు, ఇంత శ్రమ యేల, ఒక సిస్టము లోపల కిటికీ తెరచి మరియొకదానిని నడుపవచ్చును గదా యందురు. నిజమే, వీఎంవేరు వారు 1999 నుండియే పీసీలపై ఆ పని చేయించుచున్నారు, వర్చువల్‌బాక్సు ఉచితముగా దొరకును, విండోసు తానే 2016 నుండి లినక్సును తన కడుపులో దాచుకొనుట నేర్చినది. పేజ్‌మేకరునకు కావలసిన ఎక్స్‌పీని సైతము అట్లే ఒక ఫైలుగా నుంచుకొని, చెడినచో తుడిచి నకలును తెచ్చుకొనవచ్చును. డిస్కు చీలదు, ద్వారము చెడదు, గడియారము తప్పదు. ఇంకను సులభముగా, కొద్ది వెలకు దొరకు చిన్న యస్.యస్.డి.ని రెండవదిగా బిగించి, లినక్సును దానిమీదనే పెట్టవచ్చును. ఇట్టి మాటలు చెప్పువారిని ఇంటికి రానీయరాదు. వారి మార్గమున పోయినవాడు అరగంటలో పని ముగించి, చేయవలసిన అసలు పనితో ముఖాముఖి కూర్చుండవలసివచ్చును.

తుదకు బంధువులతో వ్యవహరించు విధము. కంప్యూటరు కొని ఏమి చేయుచున్నావని వారడుగుదురు. రిటర్ను దాఖలైనదా యని ఆడిటరు ఫోను చేయును. ఒక్క పేజీ ప్రింటు తీసి యిమ్మని ఎదురింటి పిల్లవాడు వచ్చి నిలుచును. ప్రింటరు ఎక్స్‌పీతో మాత్రమే మాటలాడుననియు, పిల్లవాడు తెచ్చిన ఫైలు విండోసు పదింటిలో మాత్రమే తెరువబడుననియు, పదింటిని లేపు ద్వారము ప్రస్తుతము మరమ్మతులో నున్నదనియు వానికి బోధపరచుట వృథా. "ఇన్‌స్టాల్ అగుచున్నది, రేపు రమ్ము" అని చెప్పవలెను. రేపును అదే చెప్పవచ్చును, అసత్యదోషము అంటదు.