తలకిందులైనా తలకెక్కని రోజులు

మీ తరానికి నాయకుడు పొద్దున్నే ఏం తాగాడో, ఏ ఆసనం వేశాడో, ఏ కుక్కపిల్లకి బిస్కట్ పెట్టాడో పళ్ళు తోముకోకముందే తెలిసిపోవాలి. తెలియకపోతే కాఫీ గొంతు దిగదు. మా రోజుల్లో అలా కాదర్రా. నాయకుడి అలవాటు మాదాకా రావాలంటే ముందు ఢిల్లీలో ఎవరో ఒకరు చూడాలి, చూసినవాడు పేపరువాళ్ళకి చెప్పాలి, ఆ పేపరు రైలెక్కి బస్సెక్కి మా ఊరి లైబ్రరీకి చేరాలి, అక్కడ కరణంగారు అక్షరం పొల్లుపోకుండా చదివి మడత పెట్టాలి. అప్పుడు మా వంతు. ఈలోగా ఆ నాయకుడు ఆ అలవాటు మానేసి కూడా ఉండొచ్చు. అయినా మాకేం తొందర లేదు. ఆయనకీ లేదు.

నెహ్రూగారు రోజూ శీర్షాసనం వేసేవారు. దేశాన్ని మామూలుగా చూస్తే బోధపడక అలా చూస్తున్నారు కాబోలు అని మా తెలుగు మాస్టారు అనేవారు. తీన్‌మూర్తి భవనంలో ఎర్ర పాండాల్ని కూడా పెంచారు. మేం టూరింగ్ టాకీసులో సినిమాకి ముందు వేసే ఫిల్మ్స్ డివిజన్ వార్తల్లో ఆయన్ని చూసేవాళ్ళం. కోటు మీద గులాబీ, చుట్టూ పిల్లలు, అంతలోనే ఏదో ఆనకట్ట, అంతలోనే రామారావు సినిమా. నాయకుడు అంతసేపు కనపడితే చాలు. ఎక్కువసేపు కనపడితే జనం ఈలలు వేసి గోల చేసేవాళ్ళు.

ఇక్కడే మా మనవడు అడ్డుపడతాడు. ‘శీర్షాసనం ఫొటో ఉంది కదా తాతా, మరి అదెవరు తీశారు?’ అని. ఉంది, కాదనను. కానీ కాళ్ళు పైకెత్తి ఉన్న మనిషి కెమెరావాణ్ణి ఎలా వద్దనగలడు? ఈ వాదనలో నేను గెలవలేదు. వాడూ గెలవలేదని నా ఉద్దేశం.

అసలు అప్పట్లో కెమెరాకి భయభక్తులుండేవి. 1946లో మార్గరెట్ బర్క్‌వైట్ అనే అమెరికా ఫొటోగ్రాఫరమ్మ గాంధీగారిని రాట్నం దగ్గర ఫొటో తీస్తానని వచ్చింది. ముందు నూలు వడకడం నేర్చుకోమ్మా, ఫొటో సంగతి తర్వాత చూద్దాం అన్నాడు ఆయన కార్యదర్శి. ఆవిడ చచ్చినట్టు కూర్చుని నేర్చుకుంది. తీరా చూస్తే ఆ రోజు ఆయనకి మౌనవ్రతం. ఫ్లాష్ బల్బులు మూడంటే మూడే వాడాలన్నారు. మూడు! మీరు హోటల్లో ఒక్క పెసరట్టుకి అంతకంటే ఎక్కువ ఫొటోలు తీస్తారు, ఈలోగా ఉప్మా చల్లారిపోతుంది. ఇంకో సంగతి. ఆ ఫొటోలో గాంధీగారు రాట్నం తిప్పుతున్నారని అందరూ అనుకుంటారు. సరిగ్గా చూడండి, రాట్నం పక్కన కూర్చుని కాగితాలు చదువుకుంటున్నారు. ఆయన 1944లో బొంబాయి జుహూలో ‘రామరాజ్య’ అనే హిందీ సినిమా కూడా చూశారు. మా నాన్నకి ఈ సంగతి తెలుసు. పిల్లలు టిక్కెట్టు డబ్బులు అడుగుతారని బయటపెట్టలేదంతే.

పటేల్‌గారి సంగతి మాత్రం నేనే కనిపెట్టాను. ఆయన బారిస్టరుగా ఉన్న రోజుల్లో అహమ్మదాబాద్ గుజరాత్ క్లబ్బులో బ్రిడ్జి ఆడేవారట. గాంధీగారు అక్కడికి మాట్లాడటానికొస్తే కూడా ముక్కలు వదిలి లేవలేదంటారు. ఇది చదివి నేను ధైర్యంగా పేకముక్క పట్టుకున్నాను. మా నాన్న చూసి, ‘ముందు ఐదొందల పైచిలుకు సంస్థానాలు కలిపి రా, అప్పుడు ఆడుదువుగాని’ అన్నాడు. ఇప్పటిదాకా ఒక్కటీ కలపలేదు.

నాయకులకి నిజంగా తీరిక దొరికింది మాత్రం జైల్లోనే. 1942లో కాంగ్రెస్ పెద్దల్ని అహమ్మద్‌నగర్ కోటలో పెట్టారు కదా. అక్కడ నెహ్రూగారు తోటపని చేశారు, ‘డిస్కవరీ ఆఫ్ ఇండియా’ రాశారు. మన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారూ అక్కడే కూర్చుని రాసుకున్నారు. అందరికంటే నాకు ముచ్చటేసేది మౌలానా ఆజాద్‌గారు. తెల్లవారక ముందే లేచి, మల్లెల వాసనుండే చైనా టీ తనే కాచుకునేవారు. అందులో పాలు పోసేవారు కాదు. టీలో పాలు పోసేవాళ్ళని చూస్తే ఆయనకి జాలి, చిరాకు. తాగుతూ ఒక స్నేహితుడికి ఉత్తరాలు రాసేవారు. పంపే దారి లేదని తెలిసే రాశారు. అవే తర్వాత ‘గుబార్-ఎ-ఖాతిర్’ అని పుస్తకంగా వచ్చాయి. ఎవరూ చదవరని తెలిసి టీ గురించి పేజీలకి పేజీలు రాయడం, అదిరా తీరిక అంటే! నేనూ ఆయన పద్ధతిలో పాలు లేకుండా తాగుదామని మా ఆవిడతో అన్నాను. పాలవాడు రాని రోజున మీకు అదే పోస్తున్నానుగా అంది.

ఇప్పుడూ నాయకులు జైలుకి వెళ్ళడం లేదా అంటే, వెళ్తున్నారు. వచ్చేటప్పుడు పుస్తకం తేరు, కార్ల ఊరేగింపుతో వస్తారు.

1965లో తిండికి కటకటగా ఉన్నప్పుడు లాల్ బహదూర్ శాస్త్రిగారు వారానికొక పూట భోజనం మానమన్నారు. సోమవారం రాత్రి. ముందు తన ఇంట్లో మానిపించి చూసి, తర్వాత దేశానికి చెప్పారట. మా నానమ్మకి అప్పటికే శనివారాలూ ఏకాదశులూ ఉన్నాయి. ‘నాకు మిగిలిన పూటలు కూడా లెక్కపెడుతున్నాడా ఈయన’ అని సణుగుతూనే ఆ రాత్రి పొయ్యి వెలిగించేది కాదు. మేం మధ్యాహ్నమే రెండు పూటలదీ లాగించేవాళ్ళం. దానివల్ల దేశానికి ఎన్ని గింజలు మిగిలాయో నన్నడక్కండి. అయినా ఒక మనిషి మాటకి మా ఇంట్లో పొయ్యి ఆగింది. ఇప్పుడు నాయకుడు ఉపవాసం ఉంటే పందిరి, మైకు, కూలర్లు, సాయంత్రం నిమ్మరసం ఇచ్చేటప్పుడు తీసే వీడియో. ఉపవాసానికి ఇంత ఖర్చని మా నానమ్మకి తెలిస్తే పొయ్యి మానకుండా వెలిగించేది.

పుచ్చలపల్లి సుందరయ్యగారు పార్లమెంటుకి సైకిల్ మీద వెళ్ళేవారు. ఇప్పటి నాయకులూ సైకిలెక్కుతారు. ముందు సైకిలు, వెనక పది కార్లు, ఆ కార్ల వెనక ఆగిపోయిన మనం.

మొరార్జీ దేశాయ్‌గారికి కూడా ఒక అలవాటుండేది. మీరు అన్నం ముందు కూర్చుని ఇది చదువుతున్నారేమో, వదిలేద్దాం. ఆయన దాన్ని దాచలేదు, సిగ్గూ పడలేదు. పాత కాలం అంతా గుట్టు అని నేను పైన వాదించినదానికి ఇది కొంచెం అడ్డం వస్తుంది. రానివ్వండి.

మన పి.వి. నరసింహారావుగారి మాట చెప్పకపోతే ఈ వయసు దండగ. విశ్వనాథవారి ‘వేయిపడగలు’ చేత్తో ఎత్తడమే కసరత్తు. ఆయన దాన్ని హిందీలోకి ‘సహస్రఫణ్’గా దించారు. మరాఠీ నుంచి హరి నారాయణ ఆప్టే నవలని ‘అబల జీవితం’గా తెలుగులోకి తెచ్చారు. అరవై దాటాక కంప్యూటరు ముందు కూర్చుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నారు. ఈ మాట నేను గర్వంగా చెప్తుంటే మా మనవడు, ‘మరి నీకు ఫోన్లో కరెంటు బిల్లు కట్టడం ఎందుకు రాదు తాతా?’ అన్నాడు. ఆయన్ని దేశం ప్రధానిని చేసింది, నన్నెవరు చేశారు? అందుకే రాలేదు.

మీరు నా మాట ఎలాగూ వినరు. ఒక్కటి మాత్రం చేయండి. ఈసారి మీ నాయకుడు ఓట్లకి మీ వీధిలోకొస్తే, మీ ఆసనం వీడియో బావుంది సార్ అనకండి. తీరిక దొరికినప్పుడు ఏం చదువుతుంటారండీ అని అడగండి. ఆయన గనక పక్కనున్న పీఏ మొహంలోకి చూస్తే, ఓటు సంగతి మీరే తేల్చుకోండి.