నలభై నిండాయి, పన్ను మాఫీ

బ్రిటన్‌లో నలభై ఏళ్లు నిండిన కారుకు రోడ్డు పన్ను లేదు. పెద్ద మార్పులు చేయకపోతే, ఏటా జరిపే ఫిట్‌నెస్ పరీక్ష కూడా 2018 నుంచి తప్పనిసరి కాదు. పరీక్ష నిజంగా అవసరమైన బండికే మినహాయింపన్నమాట!

ఎంజీబీ స్పోర్ట్స్ కారునే చూడండి. 1962 నుంచి 1980 దాకా అబింగ్‌డన్ ఫ్యాక్టరీ ఐదు లక్షలకు పైగా తయారుచేసింది. కొత్తగా కొనేవాడు ఎర్రరంగు చూసి మురిసిపోతాడు. దెబ్బతిన్నవాడు మాత్రం మోకాళ్ల మీద కూర్చుని తలుపుల కింద సిల్స్‌కు అయస్కాంతం ఆనిస్తాడు. అతుక్కుంటే ఇనుము, జారితే పుట్టీ. పైకప్పు లేని బండికి వెన్నెముక ఆ సిల్సే మరి.

ఇక కరెంటు. మొదట్లో దీనికి ఆరేసి వోల్టుల బ్యాటరీలు రెండు, అవీ సీట్ల వెనక నేల కింద. పైగా 1967 దాకా బాడీకి కలిపింది పాజిటివ్ తీగను. అలవాటు కొద్దీ నెగటివ్ బిగించే మెకానిక్‌కు దూరం నుంచే దణ్ణం! దీని కరెంటు సామాను చేసిన లూకాస్ వారి లైట్ల స్విచ్‌కు మూడే స్థానాలని అక్కడ పాత జోకు: మసక, మినుకు, చీకటి.

బాడీ మొత్తం తుప్పు తినేసినా బెంగ లేదు. 1988 నుంచి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ పాత అచ్చులతోనే కొత్త బాడీలు పోతపోసినట్టు అందిస్తోంది. ఇంజిన్, గేర్‌బాక్సు, వైరింగు, చివరికి బాడీ కూడా మారాక మిగిలిన నంబరు ప్లేటు చూపించి యజమాని ‘పక్కా ఒరిజినల్’ అంటాడు. ధరా అలాగే చెబుతాడు.