బుర్ర అక్కర్లేని పని

చదువుకోడానికి బ్రిటన్ వెళ్లిన మన పిల్లలు, క్లాసులు జరిగే రోజుల్లో వీసా ఒప్పుకునే వారానికి 20 గంటల పని కోసం తిరిగి తిరిగి తేలే చోట్లలో పెద్ద ఫుడ్ కంపెనీ గోడౌన్ ఒకటి. ఉద్యోగం పేరు వేర్‌హౌస్ ఆపరేటివ్. ఊళ్లో నాన్నగారు మాత్రం 'లాజిస్టిక్స్‌లో చేస్తున్నాడు' అని చెప్పి, రెండో ప్రశ్న రాకుండా కాఫీ తెప్పిస్తారు. అది బుర్ర అక్కర్లేని పని అని లోకం ఎప్పుడో తీర్మానించేసింది మరి. ఆ తీర్మానం చేసినవాళ్లెవరూ జన్మలో ఒక్క ప్యాలెట్ కూడా పేర్చి ఉండరని నా అనుమానం.

ప్యాలెట్ అంటే అక్కడ 1200 మిల్లీమీటర్ల పొడవు, 1000 వెడల్పు ఉన్న చెక్క బల్ల. చెవిలో హెడ్‌సెట్ ఫలానా వరస, ఫలానా గడి అని చెబుతుంది. ఆ గడి మీద అంటించిన అంకెలు పైకి చదివి వినిపిస్తే తప్ప ఎన్ని పెట్టెలు తియ్యాలో చెప్పదు. బీన్స్ డబ్బాలు, నూనె, చిప్స్, గుడ్లు అన్నీ ఒకే బల్ల మీద మనిషెత్తు పేర్చి, లారీ కుదుపులకి కూలకుండా ప్లాస్టిక్ చుట్టాలి. బరువు కింద, తేలిక పైన అన్నది చిన్నపిల్లలకీ తెలుసు. చిప్స్ ముందొచ్చి నీళ్ల సీసాలు వెనకొస్తేనే అసలు పరీక్ష. గడ్డివామి వేసే రైతుని తెలివితక్కువవాడని ఎవరూ అనరు. వాన వెలిశాక ఎవరి వామి ఎలా ఉందో ఊరంతా చూస్తుంది కనక. పైగా ముందు గడువు తీరే సరుకు ముందు బయటికి పోవాలి. మైనస్ 18 డిగ్రీల గదిలో, గ్లౌజులు తొడిగిన చేతులతో ఆ తేదీలు వెతకాలి. అంత కష్టపడి ముందుకి తెచ్చిన సరుకుని షాపులో కొనేవాళ్లు పక్కకి నెట్టి, వెనక వరసలోకి చెయ్యి పెడతారు. అది వేరే విషాదం.

'బుర్రంతా హెడ్‌సెట్‌దేగా' అనొచ్చు. అది ఎక్కడ, ఎన్ని అన్నంతవరకే చెబుతుంది. ఎలా అన్నది మోసేవాడికే వదిలేస్తుంది, ఆఫీసుల్లో పైఅధికారులు వదిలేసినట్టే. 'రోబోలు వచ్చేస్తున్నాయి' అనీ అనొచ్చు. వచ్చాయి. లండన్ శివారు ఎరిత్‌లో, ఆన్‌లైన్‌లో సరుకులమ్మే ఒకాడో కంపెనీ గోడౌన్‌లో 2021 జులైలో మూడు రోబోలు గుద్దుకుని మంటలు రేగాయి. రోబోలు పనికిరావని నేననను. మనుషులు కూడా గుద్దుకుంటారు. కాకపోతే సారీ చెప్పుకుని పోతారు, అగ్నిమాపక దళం రానక్కర్లేదు.

గట్టి ఆక్షేపణ ఒకటుంది: అంత తెలివి కావలసిన పనైతే జీతం కనీస వేతనం చుట్టూనే ఎందుకు తచ్చాడుతుంది? జీతం పని కష్టాన్ని చూసి పెరగదు, గేటు బయట ఎంతమంది నిలబడ్డారో చూసి తగ్గుతుంది. సాక్ష్యం కావాలంటే, కరోనాకి ఊళ్లు మూతపడిన 2020 మార్చిలో బ్రిటన్ ప్రభుత్వం ప్రకటించిన కీలక ఉద్యోగుల జాబితా చూడండి. ఆహారం పంచేవాళ్లూ అందులో ఉన్నారు. బిరుదు ఊరికే వచ్చింది. బిరుదు చూసి అద్దె మాఫీ చేసే ఇంటివాడు మాత్రం ఇంకా పుట్టలేదు. కనక దీన్ని బుర్రకి లెక్కకట్టని పని అందాం. కడితే ఎంతవుతుందో కంపెనీకి తెలియక కాదు. వరస, గడి, పెట్టెలు అన్నీ చెప్పే ఆ హెడ్‌సెట్ ఈ ఒక్క అంకె దగ్గర నోరు మెదపదు.